తోమిన ఇత్తడి, తప్పిన గురి



కొత్త గ్లాసులో గ్లాసు పెట్టి అటక మీద దాచిపెడతాం. ఆరు నెలల తర్వాత పండక్కి దింపి చూస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని విడిరావు. ఒకటి వేడినీళ్ళలో పెట్టి, రెండోదాంట్లో చన్నీళ్ళు పోసి, తట్టి, తిప్పి నానా అవస్థ పడతాం. ఈ సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఇటువంటిదే రైఫిల్ తూటాలో జరిగితే ఏమవుతుంది? దాని మూలంగా మా అల్లుడి గురి ఎలా తప్పింది, ఆ తప్పు ఎక్కడుందో మేము ఎలా పట్టుకున్నాం అన్నది ఈ రోజు మీకు మనవి చేస్తాను.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. నేను సైన్యంలో ఇరవై రెండేళ్ళు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు పనిలో ఉన్నాను. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 7.62 రైఫిళ్ళు ఎన్నిటినో విప్పి బిగించాను. మా అక్క కొడుకే నాకు అల్లుడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి కొంత దూరంలో కాపురం. 2022 అక్టోబరులో అమ్మాయిని చూడటానికి అక్కడికి వెళ్ళినప్పుడు జరిగిన విషయమిది.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. అమెరికాలో చాలామంది తూటాలను ఇంట్లోనే కట్టుకుంటారు. అక్కడి చట్టం దానికి ఒప్పుకుంటుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారు చేయడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట కూడా నేరమే. మన సరిహద్దు అడవుల పక్క పల్లెల్లో నాటు తుపాకులు పేలి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ ప్రయోగాలకు దిగవద్దని కోరుతున్నాను. ఒక తప్పును వెతికే పద్ధతి ఏమిటన్నదే ఇందులో మనం తీసుకోవలసింది.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. మొదటిది ఇత్తడి గొట్టం. దీన్ని కేసు అంటారు. సుమారు నూటికి డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు తగరం కాదు, యశదం, అంటే జింకు. మన ఇళ్ళలో బిందెకు వాడే జాతి లోహమే. రెండోది ఆ కేసు అడుగున ఉండే ప్రైమర్. సూది వచ్చి కొడితే నిప్పు పుట్టేది ఇక్కడే. మూడోది లోపలి మందు. నాలుగోది కేసు మెడలో బిగించిన గుండు. పేల్చిన తర్వాత గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాదు. కేసు మాత్రం మిగులుతుంది. ఆ కేసును కడిగి, మెడను మళ్ళీ కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగిస్తే మళ్ళీ తూటా తయారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. బంగారం తూచినంత జాగ్రత్త కావాలి.

మా అల్లుడు చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడు. అక్కడి క్లబ్బులో కాగితం మీద గురి చూసి కొట్టడం అతని సరదా. ఆ సంవత్సరం ఆఫీసు స్నేహితులతో కలిసి, లైసెన్సు తీసుకుని, మొదటిసారిగా జింక వేటకు వెళ్ళాలనుకున్నాడు. సీజను నవంబరు చివర్లో మొదలవుతుంది. నేను వెళ్ళేసరికి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"మామా, ఏడాది కిందట కట్టిన తూటాలు ఇవి. అదే రైఫిలు, అదే మందు, అదే గుండు. ఇదివరకు 200 గజాల్లో పది కొడితే రెండున్నర అంగుళాల్లో పడేవి. ఇప్పుడు నాలుగున్నర అంగుళాలు పరుచుకుంటున్నాయి. పైకీ కిందికీ పోతున్నాయి" అన్నాడు.

"మరి ఏం చేద్దామనుకుంటున్నావు?" అన్నాను.

"మందు అర గ్రెయిన్ పెంచి ఆరు తూటాలు కట్టాను. నిన్న మూడు కొట్టాను. మూడూ అంగుళంన్నరలో పడ్డాయి. ఇంకో అర గ్రెయిన్ పెంచితే ఇంకా బిగుసుకుంటుందేమో" అన్నాడు.

ఆ మాట వినేసరికి నాకు గుండె ఝల్లుమంది. అతని రైఫిలు .308 విన్‌చెస్టర్. ఆ తూటాలో మందు పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి అమెరికాలో పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై పౌండ్ల పైచిలుకు. అంత ఒత్తిడి ముఖానికి జానెడు దూరంలో పుడుతుంది. అతను ఇంతకు ముందు వాడిన మందు, పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠానికి ఒక గ్రెయిన్ తక్కువ. అర గ్రెయిన్ పెంచాడు. ఇంకో అర గ్రెయిన్ పెంచితే హద్దు మీద నిలబడతాడు. కారణం తెలియని జబ్బుకు మందు మోతాదు పెంచడం లాంటిదే ఇది.

"మిగిలిన మూడూ ఎక్కడ? అవి కూడా కొట్టి చూపించు" అన్నాను. మర్నాడు రేంజికి వెళ్ళి అవీ కొట్టాడు. ముందటి మూడింటితో కలిపి కాగితం మీద లెక్కిస్తే ఆరు తూటాలు మూడున్నర అంగుళాలు పరుచుకున్నాయి. ముందు రోజు ముచ్చట అక్కడితో సరి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. నాణెం మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ బొమ్మే పడవచ్చు. అంతమాత్రాన అది దొంగ నాణెం కాదు. తూటాలూ అంతే. ఏ మార్పూ లేని ఒకే రైఫిలు, ఒకే రకం తూటాలు తీసుకుని మూడేసి చొప్పున కొడితే సగటున ఒక అంగుళం పరుచుకుంటాయనుకుందాం. అవే పదేసి చొప్పున కొడితే సగటున ఒకటిన్నర అంగుళాలు దాటి పరుచుకుంటాయి. రైఫిలు చెడిపోయిందని కాదు. ఎక్కువ కొడితే అసలు స్వరూపం బయటపడుతుంది. మూడు తూటాలను నమ్మి బాగుందనుకున్నవాడూ, మూడు తూటాలను నమ్మి చెడిందనుకున్నవాడూ ఇద్దరూ మోసపోతారు. కనీసం పది కొట్టి మాట్లాడాలి.

మరి తప్పు ఎక్కడుందో వెతకడం ఎలా? నేను సైన్యంలో నేర్చుకున్న పద్ధతి ఒకటే. ముందు తుపాకీని, తర్వాత మనిషిని, ఆ తర్వాతే తూటాను అనుమానించాలి. మా అల్లుడు సరిగ్గా తలకిందులుగా మొదలుపెట్టాడు.

మొదట రైఫిలు ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాం. తర్వాత దుర్భిణిని పట్టుకునే మరలు ఒక్కొక్కటీ చూశాం. వదులు లేదు. చెక్కను ఇనుముకు బిగించే మరలు చూశాం. అవీ బాగున్నాయి. బారెల్‌కూ, కింద ఉండే చెక్కకూ మధ్య ఒక డాలరు నోటు దూర్చి ముందు నుంచి వెనక్కి లాగాం. ఎక్కడా అడ్డుపడలేదు. వానాకాలంలో చెక్క ఉబ్బి బారెల్‌ను తాకితే గురి తప్పుతుంది. కొడుతున్న కొద్దీ బారెల్ వేడెక్కి, తూటాలు ఒకే దిక్కుకు జరుగుతూ పోతాయి. తర్వాత బారెల్ మూతి అంచును భూతద్దంతో చూశాం. గుండు బయటికి వచ్చే చివరి క్షణంలో దాన్ని వదిలిపెట్టేది ఆ అంచే. అక్కడ చిన్న నొక్కు పడినా గాలి ఒక పక్కగా ముందు బయటికి తన్ని గుండును పక్కకు నెడుతుంది. ఆ అంచు శుభ్రంగా ఉంది. చివరిగా బారెల్ లోపల రాగి పేరుకుందేమోనని మందు రాసిన గుడ్డతో తుడిచాం. గుడ్డకు నీలం రంగు అంటితే రాగి ఉన్నట్టు. కొంచెం ఉంది, తీసేశాం.

ఆ తర్వాత కొట్టింది అతను కట్టిన తూటాలు కాదు. దుకాణంలో కొన్న ఫ్యాక్టరీ తూటాలు, ఒకే పెట్టెలోవి. ఇసుక సంచుల మీద ఆనించి, బారెల్ చల్లారేదాకా ఆగుతూ పది కొట్టాడు. మూడు అంగుళాల్లో పడ్డాయి. ఆ రకం తూటాలు ఆ రైఫిల్లో ఎప్పుడూ అంతే. అంటే ఏమిటి? రైఫిలు నిర్దోషి. దుర్భిణి నిర్దోషి. మా అల్లుడి చేయీ కన్నూ నిర్దోషులు. ఇక మిగిలింది అతను కట్టిన తూటాలే. ఇంత చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే వారం రోజుల దిగులు తప్పేది.

ఇక కాగితం చదవడం సంగతి. గురి కాగితం మీద రంధ్రాలు ఊరికే పడవు. పక్కలకు పరుచుకుంటే గాలినో, ట్రిగ్గర్ లాగే వేలినో అనుమానించాలి. రెండు వేరు వేరు గుంపులుగా పడితే ఎక్కడో ఏదో వదులుగా ఉండి కదులుతోందని అర్థం. గుండు తిన్నగా కాక అడ్డంగా తగిలి, తాళపు చెవి రంధ్రంలాంటి గుర్తు పడితే, ఆ గుండు పొడవుకు బారెల్‌లోని మెలిక చాలడం లేదని అర్థం. గుండు ఎంత పొడవుంటే మెలిక ఎంత దగ్గరగా ఉండాలో ఇంగ్లండులో గ్రీన్‌హిల్ అనే గణిత ఆచార్యుడు 1879లోనే సూత్రం కట్టాడు. మా అల్లుడి కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. కానీ నిలువునా సాగాయి. నిలువునా సాగితే ఒక్కొక్క తూటా ఒక్కొక్క వేగంతో పోతోందేమో చూడాలి.

అతని దగ్గర వేగం కొలిచే యంత్రం ఉంది. నోటుబుక్కు తీయించాను. ఏడాది కిందట, కట్టిన వారంలోనే కొట్టిన పది తూటాల్లో అన్నిటికంటే వేగంగా పోయినదానికీ నెమ్మదిగా పోయినదానికీ తేడా సెకనుకు 40 అడుగులు. ఇప్పుడు అదే మందు, అదే తూకం తూటాల్లో తేడా 110 అడుగులు. 200 గజాల్లో ఒక్క వేగం తేడా వల్లనే ఇంత పరుపు రాదు. కానీ వేగం మారిందంటే లోపలి ఒత్తిడి మారింది. ఒత్తిడి మారితే బారెల్ వణికే తీరూ మారుతుంది. గుండు బయటికి వచ్చే క్షణానికి బారెల్ మూతి ఒకసారి ఒకవైపు, మరోసారి ఇంకోవైపు చూస్తుంది.

ఒకే తూకం మందు ఒక్కోసారి ఒక్కో ఒత్తిడి ఎందుకు పుట్టిస్తుంది? ఇక్కడ కేసు మెడ సంగతి వస్తుంది. నిప్పు అంటుకోగానే మందు కాలి వాయువు పెరుగుతుంది. మెడ గుండును వదిలేదాకా గుండు కదలదు. మెడ తొందరగా వదిలితే ఒత్తిడి తక్కువ. మొండికేసి ఆలస్యంగా వదిలితే ఒత్తిడి ఎక్కువ. అన్ని మెడలూ ఒకే బిగువుతో పట్టుకోవాలి, ఒకే బిగువుతో వదలాలి. అదే తూటా కట్టేవాడి పనితనం.

"మెడ నొక్కే అచ్చు మార్చావా?" అన్నాను. లేదన్నాడు. "ఇత్తడి కేసులు ఎన్నిసార్లు వాడినవి?" మూడోసారి అన్నాడు. మాటిమాటికీ నొక్కితే ఇత్తడి గట్టిపడుతుంది కానీ మూడుసార్లకే ఇంత తేడా రాదు. "మందు డబ్బా?" అదే. "గుండ్ల పెట్టె?" అదే. "అంతా అదే అయితే ఫలితం కూడా అదే రావాలి కదా. ఏదో మారింది. నువ్వు దాన్ని మార్పుగా లెక్కపెట్టలేదు" అన్నాను.

అప్పుడు మా అమ్మాయి వంటింట్లోంచి అంది: "కొత్త మెషీను కొన్న సంగతి చెప్పావా నాన్నకి? పోయినేడు గ్యారేజీలో రోజంతా గిరగిర తిరిగేది!"

అదీ సంగతి. ఇదివరకు అతను వాడిన కేసులను మొక్కజొన్న కండెల పొడిలో వేసి తిప్పి శుభ్రం చేసేవాడు. పైన మెరుపు వచ్చేది కానీ మెడ లోపల మసి పల్చగా మిగిలేది. పోయినేడు కొత్త యంత్రం కొన్నాడు. అందులో నీళ్ళు, సబ్బు, సన్నటి ఉక్కు పుల్లలు వేసి కేసులను తిప్పుతారు. లోపలా బయటా చింతపండుతో తోమిన పూజ సామానులా మెరుస్తాయి. అవి చూసి ముచ్చటపడి 150 తూటాలు కట్టాడు. మొదటి పది అప్పుడే కొట్టి, మిగిలినవి బీరువాలో పెట్టాడు. నోటుబుక్కులో మందు తూకం రాశాడు, గుండు బరువు రాశాడు, గాలీ ఎండా రాశాడు. కేసులు ఎలా కడిగాడో మాత్రం రాయలేదు. కడగడం కూడా తూటా కట్టడంలో భాగమేనని అతనికి తోచలేదు.

ఆ పల్చటి మసే గుండుకూ ఇత్తడికీ మధ్య జారుడు పొర. అది లేనప్పుడు రాగి తొడుగున్న గుండు, పచ్చి ఇత్తడి మెడ నేరుగా ఒరుసుకుంటాయి. నెలలు గడిస్తే కొన్ని ఒకదాన్నొకటి అంటుకుపోతాయి. గ్లాసులో గ్లాసు ఇరుక్కున్నట్టే. అన్నీ ఒకేలా అంటుకున్నా ఒక దారి. కొన్ని గట్టిగా, కొన్ని కొంచెంగా, కొన్ని అసలు అంటుకోకుండా ఉంటాయి. ఆ తేడాయే కాగితం మీద నిలువుగా కనిపించింది.

ఇది ఊహ. ఊహను పరీక్షించాలి. పాత తూటాలు పది తీసుకుని, గుండు బిగించే అచ్చులో పెట్టి ఒక్కొక్క గుండును పోస్టుకార్డు మందమంత లోపలికి దించమన్నాను. కొన్ని మెత్తగా దిగాయి. కొన్ని ముందు కదలక, తర్వాత టక్కుమని శబ్దం చేసి దిగాయి. ఆ టక్కు వినగానే మా అల్లుడు నా ముఖం చూశాడు. అంటుకున్నది విడిపోయిన చప్పుడది. ఆ పదీ కొడితే మూడు అంగుళాల లోపల పడ్డాయి. పోల్చడానికి అదే పెట్టెలోంచి ముట్టుకోని పది కొడితే మళ్ళీ నాలుగున్నర.

ఒక మాట జాగ్రత్తగా వినండి. గుండు లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. ఈ తూటాల్లో మందు గరిష్ఠానికి ఒక గ్రెయిన్ తక్కువ కాబట్టి, పరీక్ష కోసం పదింటికి మాత్రమే ఆ పని చేశాం. మందు నిండా పోసి కట్టినవైతే విప్పదీయడం తప్ప వేరే దారి లేదు.

చివరి పరీక్షగా, అదే యంత్రంలో కడిగిన కేసుల మెడ లోపల పొడి గ్రాఫైటు బ్రష్షుతో పూసి, పాత తూకం మందుతోనే పది కట్టి కొట్టాడు. రెండున్నర అంగుళాలు. వేగం తేడా మళ్ళీ 40 అడుగుల దగ్గరికి వచ్చింది. మందు ఒక్క గింజ కూడా పెంచలేదు.

ఈ అంటుకుపోయే జబ్బు కొత్తది కాదు. మా అల్లుడి ఊరికి దగ్గరలోనే, ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ అనే సర్కారు తూటాల కర్మాగారం ఉండేది. 1977లో మూతపడింది. అక్కడ 1921లో జాతీయ పోటీల కోసం ప్రత్యేకంగా తూటాలు కట్టారు. బారెల్‌లో లోహం పేరుకోకుండా గుండ్లకు తగరం పూత పూశారు. గురి చాలా బాగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ నిలవ ఉన్నకొద్దీ ఆ తగరం మెడ ఇత్తడికి మాట్లు పెట్టినట్టు అతుక్కుపోయింది. గుండును లాగాలంటే మామూలు కంటే ఎన్నో రెట్ల బలం కావలసి వచ్చింది. గుండ్లకు గ్రీజు పూసే అలవాటు అప్పటి పోటీదారుల్లో చాలామందికి ఉండేది. పూయవద్దని చెప్పినా కొందరు వినలేదు. గ్రీజు చేరి మెడ విచ్చుకోవడానికి చోటు లేకపోయేసరికి ఒత్తిడి పెరిగి కొన్ని రైఫిళ్ళు పగిలిపోయాయి. జూలియన్ హేచర్ అనే సైనికాధికారి 1947లో వెలువడిన తన పుస్తకంలో ఇదంతా వివరంగా రాశాడు.

ఈ కథ మా అల్లుడికి చెప్పి, "గురి బాగున్నంత మాత్రాన తూటా క్షేమమని కాదు. అంటుకుపోయిన మెడల మీద నువ్వు మందు పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి మిగిలిన తూటాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే విప్పదీశాడు. మందు వేరు, గుండ్లు వేరు, కేసులు వేరు చేశాడు. అర గ్రెయిన్ పెంచిన లెక్కను నోటుబుక్కులో కొట్టేశాడు.

"మరి వేట?" అని అడిగాను.

"జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక పళ్ళెమంత మామా. ఇసుక సంచి మీద ఆనించి కొడితేనే నాలుగున్నర అంగుళాలు తప్పేది, అడవిలో చలికి వణుకుతూ కొడితే ఎక్కడ తగిలేదో. కడుపులో తగిలి పారిపోతే అది ఎక్కడో పడి రెండు రోజులు చస్తుంది" అన్నాడు. ఆ సంవత్సరం ఫ్యాక్టరీ తూటాలతోనే వెళ్ళాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. దూరం ఎక్కువనిపించి కొట్టలేదట. నాకు అదే సంతోషం.

శ్రోతలారా, మనలో తూటాలు కట్టేవాళ్ళు లేరు. కానీ బాగా నడుస్తున్నది ఉన్నట్టుండి చెడడం మనందరికీ అనుభవమే. పంపుసెట్టు నీళ్ళు తక్కువ పోస్తుంది, పాలు తోడుకోవు, ఏటా మొలిచే విత్తనం ఈ ఏడు మొలవదు. వెంటనే మనం మోతాదు పెంచుతాం, లేకపోతే ఖరీదైన భాగం మారుస్తాం. అలా చేయకుండా, బాగున్నదని ముందే తెలిసిన దానితో ఒకసారి పోల్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒక్కసారి బాగుపడగానే నమ్మేయకండి, పదిసార్లు చూడండి. "ఏమీ మార్చలేదు" అని అనిపించినప్పుడు, ఇంట్లోవాళ్ళను కూడా ఒకసారి అడగండి. మా ఇంట్లో జవాబు వంటింట్లోంచే వచ్చింది.

ఇప్పుడు మా అల్లుడి నోటుబుక్కులో ఒక గడి పెరిగింది. దాని పైన "కడిగిన విధం" అని తెలుగులోనే రాసుకున్నాడు.